పట్నంలో ఉండాలా, లంకలో ఉండాలా: రేవు లెక్కతో తేల్చుకోవడం ఎలా

సంక్రాంతికి గోదావరి లంకలో, అంటే ఏటి పాయల మధ్య దీవిలాంటి ఊళ్లో, తాతల నాటి ఇంటికి వెళ్లి, కనుమ మర్నాడు తిరుగు పడవ ఎక్కుతూ "ఇక ఇక్కడికే వచ్చేద్దాం" అనుకున్నవారి కోసం ఇది రాస్తున్నాను. రాజమహేంద్రవరంలో అద్దె ఇల్లు, ఏటి మధ్య సొంత ఇల్లు; ఈ రెండింటి మధ్య నేను మూడేళ్లు ఊగిసలాడాను. ఉద్యోగ విరమణ అయ్యాక ఎక్కడ స్థిరపడాలి, ఒంటరిగా ఉన్న అమ్మను పట్నానికి తీసుకురావాలా లేక మేమే ఆమె దగ్గరికి వెళ్లాలా అన్నది మా ప్రశ్న. మీ ప్రశ్న కొంచెం వేరుగా ఉండవచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఒకటే.

ఎవరిని అడిగినా గాలి, ప్రశాంతత, ఖర్చు, కాలుష్యం గురించి చెబుతారు. అవి ముఖ్యమే. కానీ లంకలో బతుకును నడిపించేది రేవు. ఇంట్లో ఎవరు, ఎందుకు, నెలకు ఎన్నిసార్లు ఏరు దాటాలి? ఆ దాటింపు ఏ నెలల్లో, ఏ వేళల్లో ఆగిపోతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద పెడితే నిర్ణయం సగం అయిపోయినట్టే.

ముందుగా మీ లంక ఏ రకమో తెలుసుకోండి

పేరు చివర లంక అని ఉన్న ఊళ్లన్నీ ఒకటి కాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ, వైనతేయ అంటూ పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్న ఊళ్లలో కొన్నింటికి ఇప్పుడు పక్కా వంతెన ఉంది, బస్సు ఇంటి ముందుకు వస్తుంది. అలాంటి ఊరు మీదైతే ఇక్కడ రాసినదానిలో సగం మీకు అక్కర్లేదు. కొన్ని ఊళ్లకు కాజ్‌వే ఉంది: ఏరు తగ్గినప్పుడు దాని మీదుగా ఆటోలు తిరుగుతాయి, వరద రాగానే అది మునిగి పడవలు తేలతాయి. ముక్తేశ్వరం పక్కన ఎదురుబిడిం కాజ్‌వే, కనకాయలంక కాజ్‌వే అలాంటివే. ఏడాది పొడవునా పడవే దిక్కైన ఊళ్లు మూడో రకం. పి.గన్నవరం, ఐ.పోలవరం మండలాల్లో ఇలాంటి ఊళ్లు చూడవచ్చు. కృష్ణా జిల్లాలో నాగాయలంక వైపున్న ఎదురుమొండి దీవుల వారికి కూడా ఈ లెక్క కొద్ది మార్పులతో సరిపోతుంది. అక్కడ వరద కంటే తుపాను భయం ఎక్కువ.

"వంతెన వచ్చేస్తోంది" అన్న మాటను నమ్మి ఇల్లు కట్టకండి. స్తంభాలు లేచి ఏళ్ల తరబడి పై స్లాబు లేకుండా నిలబడిన వంతెనలను మనం చూస్తూనే ఉన్నాం. వంతెన మీద మీరు నడిచిన రోజునే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

రేవులో ఒక రోజంతా కూర్చోండి

ఇది చాలామంది చేయరు, అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు రేవుకు వెళ్లండి, రాత్రి చివరి పడవ వెళ్లేదాకా ఉండండి. ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.

మా రేవులో నేను అలా కూర్చున్న రోజు మాఘమాసం. చీకటి ఉండగానే పాల క్యాన్లు వచ్చాయి. వాటి వెనక కూరగాయల గంపలు, అరటి గెలలు. రావులపాలెం అరటి మార్కెట్టుకు వెళ్లే గెలలు ఎండ ఎక్కకముందే ఒడ్డు చేరాలి కాబట్టి వాటికే తొలి చోటు. ఆరున్నరకు కూలికి వెళ్లే ఆడవాళ్లు, ఏడున్నరకు బడి పిల్లలు. తొమ్మిది దాటాక గంటసేపు ఒక్కరూ లేరు. పడవ నడిపే ఆయన ఇంజను ఆపేసి చద్దన్నం తిన్నారు. ఆ గంటలో అవతలి ఒడ్డున ఒక ముసలాయన చేయి ఊపుతూ నిలబడి ఉన్నారు. ఆయన ఒక్కరి కోసం పడవ కదలదు. మరో నలుగురు పోగయ్యేదాకా ముప్పావు గంట ఎండలో నిలబడ్డారు. ఆయన చేతిలో మందుల సంచి ఉంది. లంకలో ఉండటం అంటే ఏమిటో నాకు ఆ ముప్పావు గంటలో అర్థమైనంతగా మరెప్పుడూ కాలేదు.

పుస్తకంలో రాసుకోవలసినవి ఇవి. మొదటి పడవ ఎప్పుడు, చివరి పడవ ఎప్పుడు. ఎంతమంది చేరితే కదులుతుంది. మోటారు సైకిల్ ఎక్కించుకుంటారా, ఆటో ఎక్కే పంటు ఉందా. మనిషికి ఎంత, బండికి ఎంత. రేవు పాట (పడవ నడిపే హక్కుకు జరిగే వేలం) ఎవరు పాడుకున్నారు, పాట గడువు ఎప్పటితో ముగుస్తుంది. పాటదారు మారితే వేళలు, ఛార్జీలు కూడా మారతాయి. రాత్రి వేళ అవసరం పడితే ఎవరిని లేపాలి, ఆయన ఇల్లు రేవుకు ఎంత దూరం. వేసవిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు పైకి తేలినప్పుడు పడవ దాకా ఎంత దూరం నడవాలి. ఈ చివరిది మరచిపోవద్దు. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న ఇసుకలో అర కిలోమీటరు నడక డెబ్బై ఏళ్ల మనిషికి చిన్న సంగతి కాదు.

పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయా, ఉంటే ఎవరైనా వేసుకుంటున్నారా అని కూడా చూడండి. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడినప్పుడు బడి నుంచి ఇళ్లకు వెళుతున్న ఆడపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీ మనవలు రోజూ ఆ పడవలో బడికి వెళ్లాలి అంటే, జాకెట్టు వేయనిదే పిల్లలను ఎక్కించనని చెప్పే మనిషి రేవులో ఉన్నారో లేదో మీరు కళ్లతో చూసి తీరాలి.

దాటింపులు లెక్కపెట్టండి

ఇప్పుడు ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, ఎదురుగా నెలకు ఎన్నిసార్లు దాటాలో వేయండి. ఉద్యోగం, బడి, కాలేజీ, ఆసుపత్రి, బ్యాంకు, మందులు, పెళ్లిళ్లు, గ్యాసు బండ, బజారు. ఒకసారి వెళ్లి రావడం రెండు దాటింపులు. ప్రతి దాటింపుకు ఎదురుచూపుతో కలిపి ఎంతసేపు పడుతుందో రేవులో మీరే చూశారు కదా, దానితో హెచ్చించండి.

మా ఇంట్లో లెక్క ఇలా తేలింది. అమ్మకు నెలకు రెండు. నాకు ఎనిమిది. మా ఇంటి ఆవిడ కుట్టుపని ఒప్పుకునేది పట్నం నుంచి, గుడ్డలు తేవాలి, ఇవ్వాలి. ఆమెకు ఇరవై నాలుగు. ఆ అంకె కాగితం మీద చూసేదాకా నేను "మనిద్దరికీ పెద్ద పనులేం ఉన్నాయి" అనే అంటూ వచ్చాను. నా పనులు ముగిశాయి, ఆమెవి కాదు. మీరు కూడా ఒకరి తరఫున మరొకరు లెక్క వేయవద్దు. ఎవరి అంకె వారే వేసుకోవాలి, విడిగా, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

నా అనుభవంలో ఒక అంచనా చెప్పగలను. ఇంట్లో ఏ ఒక్కరైనా వారంలో నాలుగు రోజులకు మించి ఏరు దాటవలసి వస్తే, పడవ ఊరు వారిని అలసిపోయేలా చేస్తుంది. రెండేళ్లలో వారు పట్నంలో గది తీసుకుంటారు, ఇల్లు రెండు ముక్కలవుతుంది. వారానికి ఒకటి రెండుసార్లైతే ఆ ప్రయాణమే హాయిగా ఉంటుంది.

వరద గుర్తు కోసం గోడలు వెతకండి

మా ఇంట్లో పడమటి గది కిటికీ కింద నాన్నగారు మేకుతో గీసిన గీత ఉంది. పక్కన 1986 అని అంకెలు. దానికి జానెడు కింద మరో గీత, అది 2022లో నేను గీసింది. ఈ రెండు గీతలు ఆ ఇంటి గురించి చెప్పేంత నిజం ఏ ఇంజనీరూ చెప్పలేరు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. కాబట్టి మీరు చూస్తున్న ఇంట్లో, ఆ ఇంటి చుట్టుపక్కల, అడగవలసిన మొదటి ప్రశ్న: "ఎనభై ఆరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" వయసు మళ్లినవారు వెంటనే చేత్తో చూపిస్తారు: మోకాలు, నడుము, చూరు. తరువాతి ప్రశ్న 2006 వరద గురించి, ఆపై 2022 గురించి. మూడు జవాబులూ రాసుకోండి. ఇంటి అరుగు ఆ గుర్తుల కంటే ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలవండి.

తరువాత హెచ్చరికల లెక్క నేర్చుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహంలో చెప్పాలంటే సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో ఆ మెట్లు 43, 48, 53 అడుగులు. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే మీ చేతిలో ఉన్న వ్యవధి ఆ ఒక్క రోజే. మన ఊళ్లో చినుకు పడకపోయినా, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకాల్లో మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వానలు కురిస్తే మూడో నాటికి మన పెరట్లో ఎర్రనీరు ఉంటుంది. మీ రేవులో ఏ హెచ్చరికకు కాజ్‌వే మునుగుతుంది, ఏ హెచ్చరికకు పడవ ఆపుతారు, ఏ హెచ్చరికకు ఊరిలోకి నీరు వస్తుంది అన్నవి ఊరి పెద్దలను అడిగి అంకెల పక్కన రాసి పెట్టుకోండి. ఆ కాగితం మా ఇంట్లో వంటగది తలుపు వెనక అంటించి ఉంటుంది.

ఇంకొకటి, నదీకోత. వరద వచ్చి పోతుంది. కోతకు పోయిన నేల తిరిగి రాదు. ఒడ్డున ఉన్న కొబ్బరి తోట యజమానిని "పదేళ్లలో ఎన్ని వరుసలు పోయాయండీ?" అని అడగండి. ఆరు వరుసలు పోయాయని చెబితే, అంత దూరం మీ ఇంటికీ ఒడ్డుకూ మధ్య ఎన్నిసార్లు పడుతుందో చూసుకోండి. వేర్లు బయటపడి నీటి మీదికి వంగిన కొబ్బరి చెట్లు ఫొటోలో అందంగా ఉంటాయి. ఇల్లు కొనేవారికి అవే హెచ్చరిక.

రాత్రి ఒంటిగంటన్నరకు ఏమవుతుంది?

ఒక రాత్రి అమ్మకు ఆయాసం వచ్చింది. చివరి పడవ ఎనిమిదిన్నరకే వెళ్లిపోయింది. పక్కింటి కుర్రవాళ్లు ఆమెను మడత మంచం మీద రేవుకు మోసుకొచ్చారు, ఇరవై నిమిషాలు. పడవ ఆయనను లేపి, డీజిలు పోయించి, ఇంజను అంటుకునేసరికి నలభై నిమిషాలు. దాటడం పావుగంట. అవతల 108 వాహనం ముందే వచ్చి గట్టు మీద నిలబడింది, ఆ లైటు నీళ్ల మీద తిరుగుతుంటే దాన్నే గురి పెట్టుకుని పడవ నడిపారు. అక్కడి నుంచి ఆసుపత్రికి ముప్పై ఐదు నిమిషాలు. మొత్తం దాదాపు రెండు గంటలు. అమ్మ కోలుకుంది. అది ఏరు నిదానంగా ఉన్న ఫిబ్రవరి కాబట్టి అలా జరిగింది. ఆగస్టైతే ఆ పడవ కదిలేది కాదు.

మీ ఇంట్లో వారి ఆరోగ్యాన్ని ఈ రెండు గంటల పక్కన పెట్టి చూడండి. మీ డాక్టరును సూటిగా అడగండి: "నేను ఆసుపత్రికి రెండు గంటల దూరంలో ఉండవచ్చా? వరద రోజుల్లో రెండు రోజుల దూరంలో?" గుండెకు స్టెంటు పడినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, నెలలు నిండుతున్నవారు ఉన్న ఇంటికి పడవ ఊరు తగదని నా గట్టి అభిప్రాయం. లంకల్లో గర్భిణులను వరదల ముందే ఒడ్డుకు చేర్చడం పాత అలవాటు, అది అనుభవం నేర్పిన పద్ధతి. బీపీ, షుగరు అదుపులో ఉండి మందులతో నడిచిపోయే వారు ఉండవచ్చు. జూన్ నెలాఖరుకల్లా నెల రోజుల మందులు అదనంగా తెచ్చి పెట్టుకోవాలి.

పాముల మాట కూడా చెప్పాలి. వరద వచ్చినప్పుడు అవి మెరకకు చేరతాయి. మెరక అంటే మీ అరుగే. పాము కాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో, అక్కడ రాత్రి వేళ వైద్యుడు ఉంటారో లేదో ముందే కనుక్కోండి.

పట్నాన్ని కూడా అంతే గట్టిగా పరీక్షించండి

లంకను వరద లెక్కతో చూడమన్నాను కాబట్టి పట్నాన్ని మే నెల ఎండల్లో చూడమంటున్నాను. రాజమహేంద్రవరం అంటే మనసులో పుష్కరాల రేవు, సాయంత్రం గోదావరి గట్టు, రైలు వంతెన మీద దీపాలు మెదులుతాయి. కానీ మీరు ఉండేది గట్టు మీద కాదు. దానవాయిపేటలోనో, ఆర్యాపురంలోనో, మూడో అంతస్తులో. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఆ మూడో అంతస్తు పడకగదిలో, కరెంటు పోయిన సమయంలో, ఒక గంట కూర్చోండి. మోటారు ఎన్ని గంటలకు వేస్తారో, బోరు ఎండితే ట్యాంకరు ఎవరు తెప్పిస్తారో అడగండి. మేము అద్దెకున్న అపార్ట్‌మెంటులో ఒక వేసవి పదకొండు రోజులు నీళ్లు రాలేదు. గోదావరి ఒడ్డునే ఉన్న ఊరిలో బిందె పట్టుకుని మెట్లు దిగాను.

జోరు వాన కురిసిన రోజు కంబాలచెరువు వైపు, ఆర్యాపురం వైపు ఒకసారి నడిచి రండి. పట్నంలోనూ నీరు ఇంట్లోకి వస్తుంది, అది మురుగు నీరు. లంకలో వరద పోయాక ఒండ్రు మిగిలి మరుసటి పంట బాగుంటుంది. పట్నంలో అలాంటిదేమీ మిగలదు. గోకవరం బస్టాండు దగ్గర సాయంత్రం ఆరు గంటలకు రోడ్డు దాటి చూడండి. తాడితోట, దేవీచౌక్ సందుల్లో మీ అమ్మగారు ఒంటరిగా నడవగలరా? నడవలేకపోతే ఆమె పట్నంలో ఉన్నా నాలుగు గోడల మధ్యే ఉంటుంది. మా అమ్మ పట్నంలో ఉన్న ఎనిమిది నెలలూ గుమ్మం దాటింది ఆసుపత్రికే. లంకలో ఆమె పొద్దున్నే లేచి మూడిళ్లు తిరిగి, పూలు కోసి, ఎవరింట్లో దూడ పుట్టిందో తెలుసుకుని వచ్చేది. ఆసుపత్రి పది నిమిషాల్లో ఉన్న చోట ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఈ సంగతిని కూడా తూకంలో వేయాలి.

ఇంకొకటి: 2015 తరువాత పుష్కరాలు 2027లో వస్తున్నాయి. ఆ ముందు నెలల్లో పనులు, ఆ రోజుల్లో జనం. ఘాట్లకు దగ్గరలో ఇల్లు తీసుకునే వారు అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

నీళ్లు, కాగితాలు

నీటి సంగతి ముందు. ఏటి ఇసుకలో వేసిన బోరు నీరు సాధారణంగా తియ్యగా ఉంటుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు తగులుతుంది, చుట్టూ రొయ్యల చెరువులు వచ్చిన చోట మరీ. ఏప్రిల్, మే నెలల్లో బోరు నీరు తాగి చూడండి, సీసాలో పట్టి పరీక్షకు పంపండి. వానాకాలంలో తియ్యగా ఉన్న బోరు వేసవిలో మారవచ్చు. గట్టు ఇవతలి ఊళ్లకు కాలువ నీటితో నింపే మంచినీటి చెరువులే ఆధారం; వేసవిలో కాలువలు కట్టేసే రోజుల్లో ఆ చెరువు ఎలా ఉందో చూసి రండి.

ఇక భూమి. లంక నేల అంతా ఒకే రకం హక్కుతో ఉండదు. జిరాయితీ (సొంత హక్కు) పట్టా ఉన్నది, ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా లేక కౌలు నేల, ఏ కాగితమూ లేకుండా తరాలుగా సాగు చేస్తున్నది; ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి. మీ తాతగారి ఇల్లు ఏ నేల మీద ఉందో ఊహించుకోవద్దు. అడంగల్, 1బి అనే భూమి రికార్డులను ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో చూడండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల పత్రం) తీయించండి. మీ సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద పెట్టిన నిషేధిత భూముల జాబితాలో ఉందేమో అడగండి. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూముల బదిలీకి 1977 చట్టం ఆంక్షలు పెట్టింది, తరువాత సవరణలు వచ్చాయి. మీ నేలకు ఏది వర్తిస్తుందో తహసీల్దారు కార్యాలయం చెప్పాలి, మధ్యవర్తి కాదు. సముద్రానికి, ఉప్పుటేరుకు దగ్గరైతే తీర ప్రాంత నిబంధనలు కూడా ఇల్లు కట్టడానికి అడ్డు రావచ్చు. కోనసీమలో చమురు, గ్యాసు పైపులు నేల కింద పోయే చోట్లు చాలా ఉన్నాయి. పునాది తవ్వే ముందు గుర్తు రాళ్లు ఎక్కడున్నాయో చూడండి.

డబ్బు గురించి

లంకలో ఖర్చు తక్కువ అన్నది సగమే నిజం. అద్దె లేదు, కూర పెరట్లో దొరుకుతుంది, కొబ్బరికాయ కొనక్కర్లేదు. కానీ ఇసుక తప్ప ప్రతి వస్తువూ పడవ ఎక్కి రావాలి. సిమెంటు బస్తా లారీ దిగి, పడవ ఎక్కి, మళ్లీ దిగి, ట్రాక్టరు ఎక్కాలి. ప్రతి ఎక్కుడు దిగుడుకూ కూలి ఉంటుంది. పట్నంలో ఇల్లు కట్టే అంచనాను తీసుకుని లంకకు అంతే అనుకోవద్దు, అక్కడ కట్టిన మేస్త్రిని అడగండి. ఇంటి రుణం ఇస్తారా లేదా అన్నది బ్యాంకులో ముందే రాతపూర్వకంగా అడగండి.

కొబ్బరి ఆదాయంతో బతకవచ్చని లెక్క వేసేవారు ఒకసారి ఆగండి. ఎకరాకు అరవై, డెబ్బై చెట్లు. కాయల దింపు సుమారు రెండు నెలలకు ఒకసారి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ధర ఏడాదిలో ఎన్నిసార్లు పడిపోతుందో రైతులను అడగండి, దింపు కూలి ఎంతో, దింపేవాళ్లు దొరుకుతున్నారో లేదో కూడా. నా మట్టుకు కొబ్బరిని పైఖర్చుకు ఉంచుకున్నాను, నెల ఖర్చు పింఛను మీద.

ఒక ఏడాది రెండు చోట్లా ఉండి చూడండి

ఇంత లెక్క చేశాక కూడా మనసు తేలకపోతే తప్పు లేదు. అప్పుడు పట్నం ఇల్లు ఖాళీ చేయకండి, లంక ఇల్లు అమ్మకండి. ఒక ఏడాది ఇలా గడపండి: అక్టోబరు చివర నుంచి మే దాకా లంకలో, జూన్ నుంచి వరదల కాలం అయ్యేదాకా పట్నంలో. నవంబరులో తుపాను వస్తుందేమో చూసుకోవాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరి తోటలను ఏం చేసిందో ఊళ్లో అందరికీ గుర్తే. ఆ ఏడాదిలో ఒక్కసారైనా, చిన్న వరద ఉన్నప్పుడు, మొదటి హెచ్చరిక స్థాయిలో, లంకలో మూడు రోజులు ఉండండి. కాజ్‌వే మునిగి, కరెంటు తీసేసి, ఫోనులో సిగ్నలు పోయి, పశువులను ఏటిగట్టుకు తోలుకుపోతుంటే చూస్తూ మీరు భయపడతారా, కుదురుగా ఉంటారా? అది మీకు ముందు తెలియదు, నాకూ తెలియలేదు.

రెండు ఇళ్ల ఖర్చు భారమే. అలాంటివారికి మధ్యదారి ఒకటుంది: ఏటిగట్టుకు ఇవతలి ఊరు. కోటిపల్లి, ముక్తేశ్వరం, రావులపాలెం వంటి చోట్ల ఇల్లు తీసుకుంటే అదే గాలి, అదే కొబ్బరి నీడ, బస్సు ఇంటి దగ్గర. తోట చూసుకోవడానికి పొద్దున్నే ఏరు దాటి మధ్యాహ్నానికి వచ్చేయవచ్చు. పూర్వం లంకలో సాగు చేసిన చాలామంది ఇలాగే చేసేవారు.

మేము చివరికి ఎంచుకున్నది లంకనే, వరద నెలలు తప్ప. జూలై మొదటి వారానికి పట్నంలో చిన్న అద్దె గదికి వస్తాం, దసరా దాటాక తిరిగి వెళతాం. మా ఆవిడ దాటింపులు ఇరవై నాలుగు నుంచి పదికి తగ్గాయి; గుడ్డలు తెచ్చి ఇచ్చే పని రేవులో ఒకమ్మాయికి అప్పగించింది, ఆమెకూ కాస్త రాబడి. అది కుదరకపోయి ఉంటే నేను పట్నంలోనే ఉండిపోయేవాడిని.

లంక అని తేల్చుకుంటే, మొదటి వారంలో

పడవ నడిపే ఆయన ఇంటికి వెళ్లి మీ ఫోను నంబరు ఇవ్వండి, ఆయనది, ఆయన తమ్ముడిది తీసుకోండి. రాత్రి పిలిస్తే ఎంత ఇవ్వాలో అప్పుడే మాట్లాడుకోండి. ఆపదలో బేరం ఇద్దరికీ కష్టం. మంచం మోయగల నలుగురి పేర్లు తెలుసుకోండి. అటక మీద నెలకు సరిపడా బియ్యం, పప్పు, ఎండు కట్టెలు, లాంతరు, తాళ్లు పెట్టండి. ఇంటి కాగితాలు, ఆధారు, బ్యాంకు పుస్తకం తడవని సంచిలో వేసి మేకుకు తగిలించండి, ఆ మేకు 1986 గీతకు పైన ఉండాలి. కరెంటు మీటరు, స్విచ్ బోర్డు కూడా ఆ గీతకు పైకి మార్పించండి. గ్రామ సచివాలయంలో మీ ఇంట్లో వయసు మళ్లినవారు, రోగులు ఉన్నారని ముందే చెప్పి ఉంచండి, వరదలప్పుడు ముందుగా ఎవరిని తరలించాలో వారికి తెలుస్తుంది. తరువాత ఒక మేకు తీసుకుని, కిటికీ కింద ఉన్న పాత గీతను మరికాస్త లోతుగా గీయండి. ఈసారి సున్నం వేసేవాళ్లు దాన్ని కప్పేయకుండా చూసుకోండి.